రెండు విమానాలు, ఒక డంపర్ డ్రైవర్ నడుము

నేను జనగామలో సీట్లు కుడతాను. ఆటో, ట్రాక్టరు, లారీ, స్కూలు బస్సు, ఏది వచ్చినా పాత సీటు విప్పి కొత్తది వేసి పంపుతాను. నా పేరు కరుణ. పుట్టింది మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో, పెళ్లయి జనగామ వచ్చాను. దుకాణం నా భర్త పెట్టింది. ఆయన చనిపోయిన నెలకు నేను షట్టరు తీసి మిషను ముందు కూర్చుంటే, "ఆడిమనిషి లారీ సీటు కుడ్తదా?" అని నవ్విన డ్రైవర్లే ఇప్పుడు దుకాణం ముందు బండ్లు ఆపుకొని తమ వంతు కోసం కూర్చుంటున్నారు.

మొన్న అక్టోబరులో నేనూ మా తమ్ముడూ విమానంలో బిజినెస్ క్లాసులో కెనడా పోయి వచ్చాం. తిరిగి వచ్చాక కలిసిన ప్రతి మనిషీ అడిగింది ఒకటే: "అక్కా, అంత పెద్ద సీట్ల కూసుంటె బుగులు కాలేదా?"

కాలేదు. సీటును చూసి నేను భయపడాలా? పోయేటప్పుడు ఒక కంపెనీ విమానాలు, వచ్చేటప్పుడు దానితో పోటీ పడే ఇంకో కంపెనీ విమానాలు. రెండింటి సీట్లనూ వేళ్ళతో నొక్కి, వంగి కిందికి చూసి, కుట్టు కుట్టూ తడిమి వచ్చాను. ఆ సంగతులూ దారిలో జరిగిన సంగతులూ పోనివాళ్ళ కోసం రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయను. సీట్ల గురించి మాత్రం ఏదీ దాచను.

భూపాలపల్లి

మా తమ్ముడు ప్రభుదాసు భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గని దగ్గర ఉంటాడు. బొగ్గు మీదున్న మట్టిని తవ్వి దూరంగా పోసే కాంట్రాక్టు కంపెనీలో డంపర్ డ్రైవరు. షిఫ్టుకు ఎనిమిది గంటలు. దారంతా రాళ్ళు, గుంతలు. నాలుగేళ్లు గడిచేసరికి వాడి నడుములో డిస్కు జరిగింది. ఒకే తీరుగా ముప్పావు గంట కూర్చుంటే కాలు మొద్దుబారుతుంది. మట్టి లోడు నింపే కాస్త సమయంలో బండి దిగి, నిలబడి, మళ్ళీ ఎక్కి అట్లాగే నెట్టుకొచ్చేవాడు.

కంపెనీ సైటు మేనేజరుకు చెబితే, "సీటు బాగానే ఉంది. బాగా లేనిది నీ నడుము" అన్నాడట.

ఆ మాట విన్న రోజే నేను భూపాలపల్లి బస్సెక్కాను. డంపర్ సీటు విప్పి చూశాను. పైన రెక్సిన్ నిగనిగలాడుతోంది. లోపల ఫోము చపాతీలా అయిపోయి కింద రేకు తగులుతోంది. కొలతలు తీసుకొని జనగామ వచ్చి కొత్త మెత్త తయారు చేశాను. అడుగున కొబ్బరి పీచు, దాని మీద బచ్చన్నపేట నుంచి తెచ్చిన పత్తి, ఆ పైన గట్టి ఫోము. వెన్నెముక చివరి ఎముక తగిలే చోట ఫోము కోసి ఖాళీ వదిలాను. దాన్ని వేసుకొని దాసు పది వారాలు నొప్పి మాత్ర లేకుండా బండి నడిపాడు. భూపాలపల్లి దవాఖానలో ఒక డాక్టరమ్మ ఆ పది వారాలూ వాడి నడుము సంగతి రాసిపెట్టింది. తర్వాత ఒక రోజు మేనేజరు, "అనుమతి లేని సామాను" అని ఆ మెత్త పీకించి పాత ఇనుము షెడ్డులో పడేయించాడు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. గని పనివాళ్ళ ఆరోగ్యం మీద టొరంటోలో సభ ఉందని తెలిసి, తాను రాసినవన్నీ పంపింది. సీటు కుట్టిన మనిషినీ కూర్చున్న మనిషినీ ఇద్దరినీ పంపమని వాళ్ళు అడిగారు. ఈయన గంటల తరబడి కూర్చోలేడు, పడుకునే వీలున్న సీటు ఇవ్వాలి అని డాక్టరమ్మ ఉత్తరం రాస్తే, ఆ సభ వాళ్ళే మాకు బిజినెస్ క్లాసు టికెట్లు కొన్నారు. మాకు ఆ వైభోగం దక్కింది దాసు నడుము వల్ల.

శంషాబాద్

ఉదయం విమానం. జనగామ నుంచి అట్టపెట్టెలో కొత్త సీటు మెత్త, పెద్ద పెట్టెలో మామిడికాయ తొక్కు. విమానాశ్రయంలో వరుసలో నిలబడగానే ఒక ఉద్యోగి వచ్చాడు.

"అమ్మా, ఇది బిజినెస్ క్లాసు లైను. మీది అటు."

"చదువుకున్న నాయినా. బోర్డు మీద అదే ఉన్నది" అని టికెట్టు చూపించాను.

అతను టికెట్టు చూసి, నా చెప్పులు చూసి, మళ్ళీ టికెట్టు చూశాడు. లాంజీ తలుపు దగ్గర ఇదే జరిగింది. విమానం తలుపు దగ్గర కూడా ఇదే. మా ముందు నడిచిన కోటు ఆయనను మాత్రం మూడు చోట్లా నవ్వుతూ లోపలికి పంపారు. నేను కూడా నవ్వుతూనే నిలబడ్డాను, కానీ ఒక్కచోట కూడా పక్కకు జరగలేదు.

తనిఖీ దగ్గర పోయింది మాత్రం నా తప్పు వల్లే. చేతిసంచి అడుగున దబ్బనం ఉండిపోయింది, రెక్సిన్ కుట్టే జానెడు సూది. అది నా భర్త వాడినది. తనిఖీ చేసే అమ్మాయి దాన్ని పైకెత్తి, "ఇది లోపలికి పంపం" అంది. వెనక్కి పోయి పెట్టెలో వేద్దామంటే పెట్టె అప్పటికే పోయింది. ఆ అమ్మాయి దాన్ని డబ్బాలో పడేసిన చప్పుడు విని ఒక్క నిమిషం అక్కడే నిలబడిపోయాను. దాసు నా భుజం మీద చెయ్యి వేసి, "నడువక్కా" అన్నాడు.

లాంజీలో ఇడ్లీ, ఉప్మా, బిర్యానీ, పళ్ళు అన్నీ ఉన్నాయి. ఎంత తిన్నా అడిగేవాళ్ళు లేరు. సోఫాలు చూడ్డానికి బాగున్నాయి కానీ ఫోము దిగిపోయింది, కూర్చుంటే మోకాళ్ళు పైకి లేస్తున్నాయి. దాసు కూర్చోకుండా గోడకు ఆనుకొని తింటూ, "అక్కా, గా గిన్నెల ఉన్నదేంది? జర ఏసుకరా" అన్నాడు.

పక్క సోఫాలో ఉన్న ఒకాయన ఫక్కున నవ్వాడు. కృష్ణా జిల్లా వైపు మనిషని మాటను బట్టి తెలిసింది. "ఏమనుకోకండి. మీరు మాట్లాడుతుంటే సినిమాల్లో కామెడీ వాళ్ళు గుర్తొచ్చారు" అన్నాడు.

"అనుకుంటం సార్. ఎందుకనుకోం?" అన్నాను. "మీరు నవ్వుడు కానియ్యిండ్రి. అయినంక చెప్తె మేము మల్ల మాట్లాడుకుంటం."

ఆయన ఫోను తీసి చూసుకోసాగాడు. నేను కావాలనే గొంతు పెంచి, "దాసూ, గది కందిపప్పు. గీ పక్కది కోడికూర. ఏది గావాలె?" అని అడిగాను. వాడు నవ్వి, "రెండు తే" అన్నాడు.

మొదటి కంపెనీ

ఎడారి దేశం వరకు నాలుగు గంటలు, అక్కడ విమానం మారి టొరంటోకు పద్నాలుగు గంటలు. ఒకే కంపెనీ, ఒకే టికెట్టు. కానీ మొదటి విమానంలో సీటు పూర్తిగా వాలదు. మన లగ్జరీ బస్సు సీటుకు కొంచెం పెద్దన్న. ఈ సంగతి టికెట్టు మీద రాయరు. దాసు సగం దారి వెనక వంటగది దగ్గర నిలబడే వచ్చాడు.

రెండో విమానంలో మాత్రం ఒక్కొక్క సీటుకు ఒక్కొక్క చిన్న గది. జరిపే తలుపు, బంగారు రంగు అంచులు, చేతికింద చిన్న దీపం, ముందు టీవీ. మీట నొక్కితే సీటు మంచమవుతుంది. దాసు తలుపు జరిపి చూసి, "అక్కా, గిది మన క్యాబిన్ కన్న పెద్దగున్నది" అన్నాడు. వాడి దృష్టిలో క్యాబిన్ అంటే డంపర్ క్యాబినే.

ఇక నా పని మొదలుపెట్టాను. తోలు నిజమైన తోలే, మెత్తనిది. కుట్టు రెండు వరుసలు, దారం మంచిది. వెడల్పు ధారాళం. కానీ కాళ్ళు చాచే చోట ముందు సీటు కింద ఒక గూడులాంటిది పెట్టారు, పాదాలు అందులో దూర్చాలి. దాసు ఆరడుగుల మనిషి. పాదాలు నిటారుగా పట్టవు, అడ్డంగా తిప్పాలి. పాదం తిరిగితే నడుము తిరుగుతుంది. ఇంకొకటి ఉంది. సీటు పడకగా మారినప్పుడు మూడు ముక్కలు కలుస్తాయి. రెండు ముక్కలు కలిసే అంచు సరిగ్గా తుంటి కింద పడుతుంది. పైన పరిచే పరుపు పలుచన. మామూలు మనిషికి తెలియదు. నాలుగో గంటకు దాసుకు తెలిసింది.

"అక్కా, నడుముల కింద గట్టిగ తాకుతున్నది."

పరుపు ఎత్తి, నా దుప్పటిని నాలుగు మడతలు పెట్టి అంచు మీద పరుస్తుంటే, విమానం అమ్మాయి వచ్చి సీటును కదిలించవద్దని చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లిషులో, "నేను సీట్లు తయారు చేస్తాను. వీడికి ఇక్కడ నొప్పి" అన్నాను. ఆమె నా చేతుల వంక చూసింది. వెళ్ళి ఇంకో రెండు దుప్పట్లు తెచ్చి నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చొని తానే మడత పెట్టింది. కెన్యా పిల్ల. వాళ్ళ నాన్న కూడా లారీ డ్రైవరట. ఆయన నడుముకు ఏం చేయాలని అడిగితే, చేత్తో బొమ్మ గీసి చూపించాను.

భోజనం దగ్గర చిన్న గొడవ. మా ఇద్దరికీ ఎవరో "హిందూ శాకాహారం" అని రాయించారట, పన్నీరు తెచ్చి పెట్టారు. "మనమెప్పుడు చెప్పినం గిది?" అన్నాడు దాసు. మేం క్రైస్తవులం, మా ఇంట్లో ఆదివారం యాటకూర లేకపోతే అది ఆదివారమే కాదు. పేర్లు చూసి ఎవరో మా ఆకలిని నిర్ణయించేశారు. ఆ కెన్యా పిల్లే వెతికి గొర్రె మాంసం తెచ్చింది. ఉప్పు కారం లేదు. తొక్కు పెద్ద పెట్టెలో ఉండిపోయినందుకు దాసు దారంతా నన్ను తిట్టాడు.

టొరంటో

చలి ముక్కులోంచి దూరి మెదడు దాకా పోతుంది. హోటలు పక్కన ఒక కప్పు కాఫీకి తీసుకున్న డబ్బుతో జనగామ బస్టాండులో పదిమందికి చాయ్ తాగించొచ్చు. దాసు ఆ మాట రోజూ ప్రతి కప్పుకూ చెప్పాడు.

ఆదివారం చర్చికి పోయాం. మా బయ్యారం చర్చిలో చాపల మీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. ఇక్కడ అందరూ కలిసి బల్లల మీద. దాసు కూర్చోలేక చివర గోడ దగ్గర నిలబడ్డాడు. నాకేమో ఎవరేమనుకుంటారో అని ఉంది. కాసేపటికి ఒక ముసలాయన లేచి వెళ్ళి వాడి పక్కన నిలబడ్డాడు. ప్రార్థన అయ్యేదాకా ఇద్దరూ అట్లాగే నిలబడ్డారు. బయటికి వచ్చాక ఆయన తన నడుము తట్టి చూపించాడు, దాసు తన నడుము తట్టి చూపించాడు. భాష లేకుండానే ఇద్దరూ పెద్దగా నవ్వారు.

సభలో మాకు మాట సాయం చేసింది శిరీష అనే అమ్మాయి. విజయవాడ పిల్ల, ఉద్యోగం టొరంటోలో. సభకు ముందు దాసు దగ్గర కూర్చొని ప్రతి మాటా రాసుకుంది.

"మొద్దువారుడు అంటే తిమ్మిరి ఎక్కడమేనా అన్నా?"

"తిమ్మిరి గాదు చెల్లె. తిమ్మిరైతె పోతది. గిది పోదు."

ఆ అమ్మాయి కలం ఆపి, "అయితే మీ మాటే చెప్తాను, దాని అర్థం విడిగా చెప్తాను" అంది. సభలో అట్లాగే చేసింది. వాడు "నడుములు ఇరిగినయి" అన్నప్పుడు ముందు ఆ మాటనే పలికింది, తర్వాతే ఇంగ్లిషు.

మా సీటు మెత్త ఒక బల్ల మీద పెట్టారు. వచ్చినవాళ్ళు వేలితో నొక్కి పోతున్నారు. మధ్యాహ్నం వచ్చిన ఒక తెల్ల జుట్టు పెద్దామె మాత్రం నొక్కలేదు. మెత్తను తీసి కుర్చీలో వేసుకొని కూర్చుంది. ఉత్తరాన ఇనుప రాయి గనిలో ఇరవై ఏళ్ళుగా డంపర్ నడుపుతోందట, పేరు లిండా. కళ్ళు మూసుకొని చాలాసేపు అట్లాగే ఉంది. నేను శిరీషతో, నేను పుట్టిన ఊరు కూడా ఇనుప రాయి ఊరేనని, అక్కడ మట్టి ఎర్రగా ఉంటుందని చెప్పించాను. లిండా తన బూటు ఎత్తి కుట్ల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టి చూపించింది.

వెళ్ళేటప్పుడు ఆమె అడిగింది: "మీ గనిలో ఎంతమంది ఈ సీటు మీద కూర్చుంటున్నారు?"

దాసు తల దించుకున్నాడు. నేను చెప్పాను: "ఒక్కరు కూడా లేరు. మేము ఇంటికి పోయినంక కూసుంటరు."

శిరీష ఆ మాటను ఇంగ్లిషులో చెబుతుంటే విని నాకే ఆశ్చర్యమేసింది. అంత గట్టిగా ఎప్పుడు నిర్ణయించుకున్నానో నాకు తెలియదు.

రెండో కంపెనీ

తిరుగు ప్రయాణం యూరప్ మీదుగా, వేరే కంపెనీ. పాత విమానం. తలుపులు లేవు, గదులు లేవు, రెండేసి సీట్లు పక్కపక్కన. బూడిదరంగు గుడ్డ, అక్కడక్కడా వెలిసింది. టీవీ చిన్నది. విమానం వాళ్ళకు పలకరింపులు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మొదటి కంపెనీ వాళ్ళు వేయించిన జీడిపప్పు పింగాణీ గిన్నెలో ఇస్తే, వీళ్ళు పొట్లం చేతిలో పెట్టారు.

అయినా నేను రాయాల్సింది రాస్తాను. పడుకోవడానికి వీళ్ళ సీటే మంచిది. ఫోము గట్టిది, దిగిపోదు. ముక్కలు కలిసే అంచు తుంటి కింద కాకుండా మోకాలి కింద పడేట్టు చేశారు. ఆ సీటు గీసినవాడు ఎవరో నడుము నొప్పి తెలిసినవాడు. పాదాల దగ్గర గూడు లేదు, వెడల్పుగా వదిలారు. దాసు ఆ ఎనిమిది గంటల్లో ఆరు గంటలు కదలకుండా నిద్రపోయాడు. మెలకువ వచ్చాక, "అక్కా, మొదటిదాంట్ల సోకు ఎక్కువ. గీంట్ల సుఖమున్నది" అన్నాడు. వాడి తీర్పే నా తీర్పు.

యూరప్‌లో ఒక మధ్యాహ్నం

అక్కడ విమానం మారి హైదరాబాద్ విమానం ఎక్కాం. అదే కంపెనీ, అదే రకం సీట్లు. తొమ్మిది గంటల ప్రయాణం. దాసును కిటికీ పక్కన కూర్చోబెట్టి బెల్టు పెట్టుకుంటుండగా రెండు వరుసల ముందు అలజడి. ఒకాయన సీటు సగం వాలి ఆగిపోయింది, మళ్ళీ నిటారుగా రావడం లేదు. అట్లాంటి సీట్లో మనిషిని కూర్చోబెట్టి విమానం లేపకూడదట.

ఆ విమానంలో సిబ్బందికి పెద్ద అయిన ఆమె, నెరిసిన జుట్టు, చేతిలో కాగితంతో నడుచుకుంటూ వచ్చింది. అందరినీ దాటి మా దగ్గర ఆగింది.

"మీలో ఒకరు వెనక క్యాబిన్‌లోకి మారాలి. పరిహారం ఇస్తాం."

"మేమే ఎందుకు?" అన్నాను.

మా టికెట్లు ఒక సంస్థ తక్కువ ధరకు కొన్నవట. సీటు పాడైన ఆయన ఏటా ఎన్నోసార్లు వీళ్ళ విమానం ఎక్కే మనిషట. నేను డాక్టరమ్మ ఉత్తరం తీసి చూపించాను. ఇతను కూర్చోలేడు, ఇతనికి ఇంగ్లిషు రాదు, నేను పక్కన ఉండాలి అని చెప్పాను. ఆమె ఉత్తరం చదివి ఇంకో దారి పట్టింది.

"కూర్చోలేని మనిషి ప్రయాణానికి పనికిరాడేమో. కెప్టెన్‌కు చెప్పాల్సి వస్తుంది. మీరిద్దరూ దిగాల్సి రావచ్చు."

దిగితే ఆ ఊళ్ళో మాకు ఎవరూ లేరు. దాసు నా మొహం చూసి సంగతి అర్థం చేసుకున్నాడు. బెల్టు విప్పుతూ, "అక్కా, నేను ఎనకకు పోత. నిలబడుకుంట వస్త. పంచాది ఎందుకు?" అన్నాడు.

"కూసో. లేసినవంటె నీతోని మాట్లాడ."

"అక్కా..."

"మూడు తాన మన టికెట్టు చూసిండ్రు, ఊకున్న. తిండి వాళ్ళే చెప్పిండ్రు, ఊకున్న. గీ సీటు నీ నడుముకిచ్చిండ్రు దాసూ. గిది ఇయ్య."

ఇంతలో ఆ సీటు పాడైన ఆయన వచ్చాడు. మన తెలుగాయనే, హైదరాబాద్‌లో ఏదో పెద్ద వ్యాపారం. "అమ్మా, కొంచెం సర్దుకోండి. మీకు ఇవన్నీ ఎటూ అలవాటు లేదు కదా. నేను రేపు దిగగానే మీటింగుకు పోవాలి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

"అలవాటు లేనోళ్ళకు నొప్పి గూడ ఉండదా సార్?" అన్నాను. "మా తమ్ముడు దిగినంక డంపరెక్కాలె. మీరు మీటింగుల కూసునేది కుర్చీల. వీడు కూసునేది రేకు మీద."

నేను లేచి, "మీ సీటు నాకు చూపెట్టిండ్రి" అన్నాను.

సిబ్బంది పెద్దామె అడ్డు నిలబడింది. సరిగ్గా అప్పుడే మెరిసే పసుపు చొక్కా వేసుకున్న మెకానిక్కు ఎక్కాడు. లావాటి మనిషి, చెమటలు కక్కుతున్నాడు. సీటు పక్కన మూత తీసి ఏదో మీట లాగాడు. మోటారు మూలిగింది, సీటు కదల్లేదు. తల అడ్డంగా ఊపాడు. తలుపు వేసే సమయం దాటుతోంది.

ఆ మూలుగు నాకు తెలిసిన మూలుగే. స్కూలు బస్సు డ్రైవరు సీటు ముందుకు జరగనప్పుడు వచ్చే చప్పుడే. మోటారు పనిచేస్తోంది, ఏదో గుడ్డ దాన్ని పట్టుకుంటోంది. నేను పెద్దామె చెయ్యి కింది నుంచి వంగి, అతనికి కనిపించేట్టు వేలు చూపించాను. కింది మెత్త తొడుగు అంచు, అతికించే పట్టీతో సహా, ఊడి లోపలికి, సీటు జరిగే ఇనుప పట్టా వైపు మడత పడింది. "గుడ్డ. పట్టాలో" అన్నాను ఇంగ్లిషులో. అతను టార్చి వేసి చూశాడు. కనిపించలేదు. "లోపల. ఇంకా లోపల" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూసి పక్కకు జరిగాడు. కింది మెత్తను ఎట్లా పైకి లేపాలో ఇద్దరికీ తెలుసు, అతను ఒక మూల, నేను ఒక మూల పట్టుకొని ఒకేసారి లాగాం. నలిగిన తొడుగు అంచు జానెడు పట్టాలో చిక్కుకొని ఉంది. అతను కత్తెరతో దాన్ని కోసి తీసేశాడు. మీట నొక్కితే సీటు నిటారుగా లేచి నిలబడింది.

మెకానిక్కు నా చెయ్యి పట్టుకొని ఊపాడు. నా అరచేతిలోని సూది గాట్లు చూసి, తన అరచెయ్యి తిప్పి తన గాట్లు చూపించాడు.

వ్యాపారం ఆయన తన సీట్లో కూర్చొని, విమానం లేచిన చాలాసేపటికి మా దగ్గరికి వచ్చాడు. "మీది ఏ ఊరండీ?" అన్నాడు.

"బయ్యారం. ఉండేది జనగామ."

"క్షమించండి" అన్నాడు. గొంతులో నిజం ఉంది. నేను తల ఊపాను, అంతకంటే ఎక్కువ ఏమీ ఇవ్వలేదు. దీపాలు తగ్గించాక సిబ్బంది పెద్దామె ఇంకో పరుపు తెచ్చి, దాసు పడక మీద తన చేత్తో పరిచి పోయింది.

మళ్ళీ భూపాలపల్లి

జనగామలో ఒక్క పూట ఆగి, అదే మెత్తను ఆటోలోనూ బస్సులోనూ వేసుకొని దాసుతో భూపాలపల్లి పోయాను. మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు మారే సమయం. డ్రైవర్లు యార్డులో ఉన్నారు. మేనేజరు నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, బిజినెస్ క్లాసులో తిరిగి వచ్చావంట. ఇంకా ఈ డంపర్ల గొడవ ఎందుకు నీకు?"

"ఒక్కటే అడుగుతున్న సార్. పాత సీటు మీద ఒక్క ట్రిప్పు కొట్టి రండ్రి. వచ్చినంక మీరు ఏమంటె గది ఇంట."

"నాకు టైం లేదు" అని వెనక్కి తిరిగాడు.

అప్పుడు మొగిలి అనే పెద్ద డ్రైవరు తన టిఫిను డబ్బా నేల మీద పెట్టి దాని పక్కన కూర్చున్నాడు. "సారు నాతోని ఒక్క ట్రిప్పు వస్తెనే నేను బండెక్కుత" అన్నాడు. నేను ఎవరినీ అడగలేదు. ఒకరి తర్వాత ఒకరు డబ్బాలు కింద పెట్టారు. దాసు మాత్రం కూర్చోలేడు కాబట్టి వాళ్ళ వెనక నిలబడ్డాడు.

మేనేజరు ఫోను తీశాడు, పెట్టేశాడు. చివరికి మొగిలి బండిలో డ్రైవరు పక్క సీటు ఎక్కాడు. అదీ అదే సరుకు. బండి గుంతలోకి దిగి, మట్టి నింపుకొని, గుట్ట మీదికి పోయి కుమ్మరించి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. మేనేజరు నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగాడు. నేల మీద రెండు కాళ్ళూ పెట్టాక కూడా నిచ్చెన పిడి వదలలేదు. చెయ్యి నడుము మీదికి పోయింది, మేం చూస్తున్నామని తీసేసుకున్నాడు.

"ఎన్ని కుట్టగలవు?" అన్నాడు.

"బండ్లెన్ని సార్?"

"ఇరవై రెండు. ముందు అయిదు వేసి చూద్దాం."

"అయిదు కుడితె, మిగిలిన పదిహేడు మంది నడుములు మీరు కుట్టాలె సార్."

డ్రైవర్లు నవ్వారు. మేనేజరు నవ్వలేదు. మొగిలి వంక చూశాడు, దాసు వంక చూశాడు, నా చేతిలోని మెత్త వంక చూశాడు.

"సరే. ఇరవై రెండు" అన్నాడు.